వంత పాడించే ఆల్బమ్: స్ప్రింగ్‌స్టీన్ 'సీగర్ సెషన్స్'

అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఆల్బమ్‌లు చాలానే విన్నాను గానీ, గొంతు కలపకుండా వినలేనిది 'వి షల్ ఓవర్‌కమ్: ద సీగర్ సెషన్స్' ఒక్కటే. 2006 ఏప్రిల్‌లో వచ్చింది. 13 పాటలు. ఒక్కటి కూడా ఆయన రాసింది కాదు. బానిసత్వంలో ఉన్న నల్లజాతి జనం పాడుకున్న భక్తి గీతాలు, ఓడరేవు కూలీల పాట, ఐర్లాండ్ యుద్ధ గాథ, ఒక దోపిడీ దొంగ మీద కట్టిన కథాగీతం, చివర్న ఒక పిల్లల పాట. ఎలక్ట్రిక్ గిటార్ల హోరు కోసం వచ్చేవాళ్ళకి ఇక్కడ ఫిడేళ్ళు, బాంజో, అకార్డియన్, ట్యూబా ఎదురొస్తాయి. దెబ్బ మాత్రం రాక్ దెబ్బే. డ్రమ్స్ ఎక్కడా తగ్గవు, ఆయన గొంతు బొంగురుపోయేదాకా పాడతాడు. 2007లో దీనికి బెస్ట్ ట్రెడిషనల్ ఫోక్ ఆల్బమ్‌గా గ్రామీ ఇచ్చారు. అయినా నా చెవికి ఇది రూట్స్ రాక్, అంటే జానపద మూలాల మీద నిలబడ్డ రాక్ ఆల్బమే.

నేను చర్చి క్వయర్‌లో, అంటే కలిసి పాడే బృందంలో, ఆల్టో (ఆడవాళ్ళలో కింది స్థాయి గొంతు) పాడతాను. ఏ పాట విన్నా నా చెవి ముందు లీడ్ గొంతు మీదికి పోదు. వెనక గొంతులు ఎక్కడ అందుకుంటున్నాయి, ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాయి, ఎవరి గొంతు ఎవరిని మింగేస్తోంది, అక్కడికే పోతుంది. ఈ రివ్యూ కూడా ఆ వైపు నుంచి రాస్తున్నదే.

ఈ పాటలు ఎలా రికార్డయ్యాయో తెలిస్తే వినే తీరే మారిపోతుంది. అమెరికన్ జానపద గాయకుడు పీట్ సీగర్‌కి నివాళిగా తయారవుతున్న ఒక ఆల్బమ్‌కి పాట ఇవ్వమని స్ప్రింగ్‌స్టీన్‌ని అడిగారు. ఆయన సీగర్ రికార్డులు ముందేసుకుని కూర్చున్నాడు. ఫిడేలు వాయించే సూజీ టైరెల్‌కి తెలిసిన న్యూయార్క్ వాద్యకారుల్ని 1997లో న్యూజెర్సీలోని తన ఫామ్‌హౌస్‌కి పిలిపించి, ఒక రోజు వాళ్ళతో కలిసి పాడాడు. అందులో ఒక పాట నివాళి ఆల్బమ్‌కి వెళ్ళింది, మిగతావి అలాగే ఉండిపోయాయి. మళ్ళీ 2005లో ఒక రోజు, 2006 మొదట్లో ఇంకో రోజు. అంతే, మొత్తం మూడు సెషన్లు. రిహార్సల్ లేదు. అందరూ ఇంటి ముందుగదిలో కూర్చుని ఒకేసారి వాయించారు. ట్రంపెట్, ట్రోంబోన్, శాక్సోఫోన్ వాళ్ళు నడవలో నిలబడ్డారు.

స్టూడియోలో అయితే ఒక్కో వాద్యాన్ని విడిగా రికార్డు చేసి తర్వాత కలుపుతారు. కోరస్ వాళ్ళు ఇంకో రోజు వచ్చి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, నాలుగు గొంతుల్ని పదహారు గొంతులు చేసి వెళ్ళిపోతారు. అంతా నునుపుగా ఉంటుంది, మనిషి జాడ ఉండదు. ఒకే గదిలో వాయించినప్పుడు ఒకరి మైకులోకి ఇంకొకరి చప్పుడు వెళుతుంది, ఒక్క ఫిడేలు తప్పుని మాత్రమే తీసేయడం కుదరదు. సోలో ఎవరు అందుకోవాలో స్ప్రింగ్‌స్టీన్ పాట మధ్యలో కేకేసి చెబుతాడు, ఆ కేకలు ఆల్బమ్‌లో అలాగే ఉన్నాయి. కోరస్ గొంతులన్నీ గీత గీసినట్టు ఒక్కసారే మొదలవ్వవు. ఒకరు అర క్షణం ముందు, ఇంకొకరు కాస్త వెనక. నిజంగా పదిమంది కలిసి పాడితే ఉండే చప్పుడు అదే, దాని కోసమే నేను ఈ ఆల్బమ్‌కి మళ్ళీ మళ్ళీ వస్తాను.

పేరు చూసి ఇవన్నీ పీట్ సీగర్ రాసిన పాటలు అనుకోకండి. సీగర్ రాసింది ఇందులో ఒక్కటీ లేదు. ఇవి ఆయన పాడి, రికార్డు చేసి, తరగతి గదుల్లో, యూనియన్ సభల్లో, ఊరేగింపుల్లో జనం నోట నిలిపిన పాటలు. రాజకీయ నమ్మకాల గురించి 1955లో అమెరికన్ కాంగ్రెస్ కమిటీ పిలిచి ప్రశ్నిస్తే జవాబు చెప్పనన్నాడు. 1961లో శిక్ష పడింది, 1962లో పైకోర్టు కొట్టేసింది. ఏళ్ళ తరబడి పెద్ద టీవీ ఛానళ్ళు ఆయన్ని దగ్గరికి రానివ్వలేదు. ఆయన కచేరీల రికార్డింగులు వింటే ఒక పద్ధతి కనిపిస్తుంది: రాబోయే పాదాన్ని ముందే గబగబా మాటగా చెప్పేస్తాడు, జనం దాన్ని పాటగా అందుకుంటారు. పాట తెలియనివాళ్ళు కూడా పాడేయగలరు. తన పాట జనం నోట వినడమే ఆయనకి కావాల్సింది. స్ప్రింగ్‌స్టీన్ ఆయన దగ్గర నేర్చుకుంది ఇదేనని నాకు అనిపిస్తుంది. బాంజో శైలి కాదు, గొంతు కాదు, పల్లవిని జనానికి వదిలేయడం.

మొదటిసారి వినేవాళ్ళు 'ఓ మేరీ డోంట్ యు వీప్' నుంచి మొదలుపెట్టండి. ఇది అమెరికా అంతర్యుద్ధానికి ముందు బానిసల మధ్య పుట్టిన పాట. మరియా ఏడవకు, ఫరో (బైబిల్లో ఇజ్రాయెలీయుల్ని బానిసలుగా ఉంచిన ఈజిప్టు రాజు) సైన్యం మునిగిపోయింది అంటుంది పల్లవి. ఒక సమాధి ముందు ఏడుస్తున్న బేతనియ మరియకి, వందల ఏళ్ళ ముందరి ఎర్ర సముద్రం కథ చెప్పి ఓదార్చడం ఏమిటి? యజమాని పక్కనే ఉండగా పాడుకున్న పాట అని గుర్తుపెట్టుకుంటే అర్థమవుతుంది. ఫరో ఎవరో పాడేవాళ్ళకి తెలుసు. యజమానికి మాత్రం అది బైబిల్ కథ. స్ప్రింగ్‌స్టీన్ దీన్ని మైనర్ స్కేల్లో పాడాడు. ఫిడేలు ఒంటరిగా, కాస్త దిగులుగా మొదలవుతుంది. తర్వాత ఇత్తడి వాద్యాలు న్యూ ఓర్లీన్స్ ఊరేగింపు నడకతో దిగుతాయి. దిగులు పోదు, కానీ కాళ్ళు కదులుతాయి. మోషే నిలబడ్డ బండ మీద నాకూ నిలబడాలని ఉంది అనే చరణం దగ్గర ఆయన గొంతు గరుకుదనం అంతా పనికొస్తుంది. కోరస్ పల్లవిని అందుకునే ప్రతిసారీ ఇంకొంచెం బిగుస్తుంది. ఆల్బమ్ మొత్తంలో నాకు బాగా నచ్చింది ఇదే. క్వయర్ నడిపేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఈ ఒక్క పాటని కోరస్ కోసమే మరోసారి వినమని అడుగుతాను.

దాని పక్కనే 'మిసెస్ మెక్‌గ్రాత్' ఉంది. ఐర్లాండ్ పాట, నెపోలియన్ యుద్ధాల కాలం నాటిది. సైన్యంలోకి మనుషుల్ని చేర్చుకునే సార్జెంట్ వచ్చి, నీ కొడుక్కి ఎర్ర కోటు, పెద్ద టోపీ తొడిగి సైనికుడిని చేద్దామా అని తల్లిని అడుగుతాడు. ఏడేళ్ళ తర్వాత ఓడ వస్తుంది. కొడుకు దిగుతాడు, రెండు కాళ్ళ చోట రెండు కర్రలతో. తాగి ఉన్నావా, గుడ్డివాడివయ్యావా, అంత చక్కటి కాళ్ళు ఎక్కడ వదిలేశావు అని తల్లి అడుగుతుంది. చరణానికీ చరణానికీ మధ్య అర్థం లేని పల్లవి నడుస్తుంది, మన బుర్రకథలో 'తందాన తాన'లాగా. కథ ఎంత ఘోరంగా ముదిరితే ఆ పల్లవి అంత భయంకరంగా వినిపిస్తుంది. చివరి చరణంలో స్ప్రింగ్‌స్టీన్ ఒక చిన్న మార్పు చేశాడు. పాత పాటలో తల్లి ఫ్రాన్స్ రాజు గురించి అనే మాటని అమెరికా రాజు మీదికి తిప్పాడు: అమెరికా రాజూ వద్దు, అతని నౌకాదళమూ వద్దు, నా కొడుకు మునుపటిలా ఉంటే చాలు. 2006లో, ఇరాక్ యుద్ధం మూడేళ్ళు దాటాక, ఆ మార్పు ఎవరికి తగలాలో వాళ్ళకి తగిలే ఉంటుంది. అంతకు మించి వ్యాఖ్యానం చేయలేదు. పాత పాటని ఈ కాలానికి తేవడమంటే ఇలా ఉండాలి.

'ఐస్ ఆన్ ద ప్రైజ్' చరణాల్లో పౌలు, సీల ఉన్నారు. బైబిల్లోని అపొస్తలుల కార్యాలు 16వ అధ్యాయం: చెరసాలలో సంకెళ్ళతో ఉండి అర్ధరాత్రి పాటలు పాడుతుంటే భూకంపం వచ్చి తలుపులు తెరుచుకుంటాయి. పాత భక్తి గీతంలో 'నాగలి మీంచి చెయ్యి తీయకు' అని ఉండేది. సౌత్ కరోలినాలోని జాన్స్ ఐలాండ్‌కి చెందిన ఆలిస్ వైన్ దాన్ని 'గమ్యం మీంచి చూపు తిప్పకు' అని మార్చి పాడిందని చెబుతారు. పౌరహక్కుల ఉద్యమంలో అరెస్టయినవాళ్ళు దీన్ని జైళ్ళలో పాడారు, పౌలు సీలల కథని జైల్లోనే. స్ప్రింగ్‌స్టీన్ తొందరపడలేదు. అణిగిన గొంతుతో మొదలుపెట్టి, వాద్యాల్ని ఒక్కొక్కటిగా రానిచ్చాడు. ఇత్తడి వాద్యాలు వచ్చేసరికి మనం ఎదురుచూస్తూ ఉంటాం. 'జేకబ్స్ ల్యాడర్' మరో దారిలో వెళుతుంది. యాకోబు కలలోని నిచ్చెన, ఒక్కో మెట్టూ ఇంకా పైకి. మాటలు దాదాపు లేవు, ఉన్నవే తిరిగి తిరిగి వస్తాయి, ఊపు మాత్రం పెరుగుతూ పోతుంది. ఇది కూర్చుని వినే పాట కాదు. స్పీకర్ పెద్దది చేసి, ఇంట్లో ఇంకెవరైనా ఉంటే వాళ్ళనీ పిలవండి.

పని పాటల్లో 'పే మీ మై మనీ డౌన్' అందరికీ వెంటనే పట్టేస్తుంది. జార్జియా సముద్ర తీర దీవుల్లో ఓడలకి సరుకు ఎక్కించే నల్లజాతి కూలీల పాట. లిడియా పారిష్ సేకరించి 1942లో తన పుస్తకంలో అచ్చేసింది. ఓడ రేపు వెళ్ళిపోతుంది, నా కూలీ నాకు కట్టి వెళ్ళు, లేకపోతే జైలుకి వెళ్ళు. ఇంతే పాట. ఈ డిమాండ్‌ని స్ప్రింగ్‌స్టీన్ బృందం పండగ చేసేసింది. అకార్డియన్ పాటని లూసియానా జానపద సంగీతం వైపు లాగుతుంది. గేట్స్‌నైనా కాకపోతినే, డబ్బు పెట్టెల్లో వచ్చేది అనే పాదం కూడా ఉంది. ఇక్కడ ఆ పండగ సరిపోయింది, ఎందుకంటే ఇది పదిమంది కలిసి గొంతెత్తితేనే పనిచేసే పాట. ఒక్కడు అడిగితే కెప్టెన్ వినడు.

'మై ఓక్లహోమా హోమ్'ని చాలామంది దాటేస్తారు, దాటేయకండి. 1930లలో దుమ్ము తుఫాన్లు ఓక్లహోమా రైతుల్ని ఊడ్చేసిన కాలం గురించి సిస్ కన్నింగ్‌హమ్, ఆమె అన్న బిల్ కట్టిన పాట. ఇల్లు ఎగిరిపోయింది, పంట ఎగిరిపోయింది, ముద్దు పెట్టబోతే భార్య కూడా సుడిగాలికి ఎగిరిపోయింది. ఎగరకుండా మిగిలింది ఒక్క తాకట్టు బాకీ. ప్రతి పాదం చివర కోరస్ 'ఎగిరిపోయింది' అని అందుకుంటుంది. మొదట నవ్వొస్తుంది. నాలుగో చరణానికి అదే మాట, అదే రాగం, నవ్వు రాదు. కోరస్ ఏమీ మార్చకుండానే అర్థం మారిపోవడం చాలా కష్టమైన పని, ఇక్కడ అది జరిగింది. 'ఈరీ కెనాల్' కూడా ఈ తరహాదే: 1825లో తెరిచిన కాలువ మీద సరుకు పడవ లాగిన కంచర గాడిద గురించి థామస్ అలెన్ 1905లో రాశాడు, ఆ గాడిదల స్థానంలోకి యంత్రాలు వచ్చే రోజుల్లో. హడావిడి లేకుండా మొదలై విప్పారుతుంది. బాగుంది, అయితే పైవాటి స్థాయి కాదు.

ఇప్పుడు నా ఫిర్యాదు. ఈ ఉత్సాహం కొన్ని పాటల్ని మింగేసింది. 'జాన్ హెన్రీ' తీసుకోండి. కొండలో సొరంగం తొలిచేటప్పుడు ఆవిరి డ్రిల్లుతో పోటీపడి, సమ్మెటతో గెలిచి, ఆ సమ్మెట చేతిలో ఉండగానే గుండె పగిలి చనిపోయిన నల్లజాతి కూలీ కథ. వెస్ట్ వర్జీనియాలో 1870లలో తవ్విన బిగ్ బెండ్ సొరంగంతో ఈ కథని ముడిపెడతారు. రాతి దుమ్ము పీల్చి మనుషులు చచ్చిపోయిన చోటు. బ్యాండ్ దీన్ని పరుగు మీద వాయించింది. ఫిడేళ్ళు, బాంజో, డ్రమ్స్ అన్నీ ఒకేసారి, ఎక్కడా ఖాళీ లేదు. అతను చనిపోయే చరణం ఎప్పుడొచ్చి ఎప్పుడు వెళ్ళిందో తెలియదు. పాత పని పాటల రికార్డింగుల్లో ఇదే కథని సమ్మెట దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీతో పాడతారు, ఆ ఖాళీలోనే ఊపిరి వినిపిస్తుంది. అది ఇక్కడ లేదు. వాయించడంలో లోటేమీ లేదు, కానీ నాకు ఆ మనిషి కనపడలేదు.

మొదటి పాట 'ఓల్డ్ డ్యాన్ టకర్' మీద నా అభ్యంతరం వేరు. ఇది 1843లో అచ్చయిన పాట, తెల్లవాళ్ళు మొహానికి నల్లరంగు పూసుకుని నల్లవాళ్ళని వెక్కిరించే మిన్‌స్ట్రెల్ ప్రదర్శనల్లో పుట్టింది. తర్వాత అది ఆ ప్రదర్శనల నుంచి బయటపడి పల్లెల్లో ఆడే పాటగా నిలిచింది, నిజమే. ఇక్కడ వెక్కిరింత మాటలూ లేవు. కానీ బానిసల భక్తి గీతాలూ పౌరహక్కుల పాటలూ ఉన్న ఆల్బమ్‌కి తలుపు తీసే పాటగా దీన్ని పెట్టకుండా ఉండాల్సింది. నేను రెండో పాట నుంచి మొదలుపెడతాను. ఆ రెండోది, 'జెస్సీ జేమ్స్', 1882లో కాల్చి చంపిన దొంగని పేదల దేవుడిని చేసే పాట. హుషారుగా ఉంటుంది, అంతకంటే పెద్దగా చెప్పేదేమీ లేదు.

ఆయన గొంతు గురించి కూడా ఒక మాట. కొన్ని పాటల్లో ఉచ్చారణ అవసరం లేనంత పల్లెటూరిది అయిపోతుంది. పాత పాట కాబట్టి పాత గొంతు పెట్టాలి అన్నట్టు. 'మిసెస్ మెక్‌గ్రాత్'లో, 'షెనండోవా'లో అది లేదు, తన సొంత గొంతుతోనే పాడాడు, అవే బాగున్నాయి. 'షెనండోవా' నిజానికి నావికుల పాట. ఇక్కడ దాన్ని చాలా నెమ్మదిగా నడిపారు, వెనక గొంతులన్నీ ఒక్క తెరలా లేస్తాయి. ప్యాటీ స్కాల్ఫా, లీసా లోవెల్ గొంతులు విడిగా పట్టుకోవాలంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇది వినండి.

టైటిల్ పాట 'వి షల్ ఓవర్‌కమ్' 1997 నాటి మొదటి సెషన్‌లోది. హిందీలో 'హమ్ హోంగే కామ్‌యాబ్' అని మన బళ్ళలో పాడిస్తారు కదా, దానికి మూలం ఇదే. చార్లెస్ టిండ్లీ 1901లో రాసిన చర్చి గీతంతో దీనికి చుట్టరికం ఉంది. 1940లలో చార్ల్స్‌టన్ పొగాకు ఫ్యాక్టరీ సమ్మెలో నల్లజాతి స్త్రీలు దీన్ని పాడారు, అక్కణ్ణుంచి టెన్నెసీలో కార్మికులకీ ఉద్యమకారులకీ శిక్షణ ఇచ్చే హైలాండర్ స్కూల్‌కి చేరింది, అక్కడివాళ్ళ ద్వారానే సీగర్‌కి తెలిసింది. ఇంత బరువున్న పాటని పాడేవాళ్ళు ఊరికే గొంతు పెంచుతారు. స్ప్రింగ్‌స్టీన్ తగ్గించాడు. చిన్నగా, పక్కనున్న ఒక మనిషికి ధైర్యం చెబుతున్నట్టు పాడాడు. గాస్పెల్ క్వయర్ ఉరుము ఆశించేవాళ్ళకి చప్పగా అనిపించొచ్చు. నాకు సరిగ్గా అనిపించింది. చివర్న వచ్చే 'ఫ్రాగీ వెంట్ ఎ కోర్టిన్' పిల్లలున్న ఇంట్లో బాగా ఆడుతుంది. దాని మూలాలు 16వ శతాబ్దం స్కాట్లాండ్‌లో ఉన్నాయి.

కొనేవాళ్ళు, స్ట్రీమింగ్‌లో వెతికేవాళ్ళు 2006 అక్టోబర్‌లో వచ్చిన 'అమెరికన్ ల్యాండ్ ఎడిషన్' తీసుకోండి. 5 పాటలు అదనం, అందులో ఒక్కటి చాలు ఆ తేడాకి: 'హౌ కెన్ ఎ పూర్ మ్యాన్ స్టాండ్ సచ్ టైమ్స్ అండ్ లివ్'. బ్లైండ్ ఆల్‌ఫ్రెడ్ రీడ్ 1929లో ఫిడేలుతో రికార్డు చేసిన పాట, పేదవాడు ఈ కాలంలో ఎలా బతకాలి అని అడుగుతుంది. డాక్టర్ వచ్చి పనికిరాని మాత్ర, పెద్ద బిల్లు ఇచ్చి పోయాడనే మొదటి చరణాన్ని స్ప్రింగ్‌స్టీన్ అలాగే ఉంచి, మిగతావి కత్రినా తుఫానులో మునిగిన న్యూ ఓర్లీన్స్ మీద కొత్తగా రాశాడు. 2006 ఏప్రిల్ 30న, తుఫాను తర్వాత జరిగిన మొదటి జాజ్ ఫెస్టివల్‌లో, ఆ ఊరి జనం ముందే పాడాడు. వచ్చి చుట్టూ చూసి, నేను మీతోనే ఉన్నానని చెప్పి నడుచుకుంటూ వెళ్ళిపోయిన పెద్దమనిషి గురించి ఒక చరణం ఉంది. పేరు చెప్పలేదు, అక్కర్లేకపోయింది: అప్పటి అధ్యక్షుడు బుష్. ఇందులో కోపం ఉంది, ఊపు ఉంది, ఒకటి ఇంకోదాన్ని మింగలేదు. 'జాన్ హెన్రీ'లో నాకు దొరకనిది ఇక్కడ దొరికింది. అసలు ఆల్బమ్‌లోనే ఉండాల్సిన పాట.

ఇదే బృందం 2006 నవంబర్‌లో డబ్లిన్‌లో ఇచ్చిన కచేరీలు 2007లో లైవ్ ఆల్బమ్‌గా వచ్చాయి. అప్పటికి బృందం పర్యటనలతో రాటుదేలింది, వేలమంది పల్లవి అందుకుంటారు. అది కూడా బాగుంటుంది. కానీ ముందు ముందుగదిలో పాడిన ఈ ఆల్బమ్ వినండి, 'ఓ మేరీ' దగ్గర మొదలుపెట్టి.